మా బియ్యానికి డబ్బు ఎవరిది, ఢిల్లీదా అమరావతిదా?

ప్రశ్న: నమస్కారమండి. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. మా ఆయన కొబ్బరి దింపు తీస్తారు. అత్తగారు, మేమిద్దరం, ఆరేళ్ళ బాబు, ఏడాది పాప, ఇంట్లో ఐదుగురం. కార్డులో నాలుగు పేర్లే ఉన్నాయి, పాపది ఎక్కలేదు. 20 కిలోలకి డీలరు 19 ఇచ్చి తరుగు అంటున్నాడు. కందిపప్పు మొహం చూసి ఎన్నాళ్ళయిందో. టీ కొట్టు దగ్గర ఒకాయన బియ్యం మొత్తం కేంద్రానిదే అంటాడు, ఇంకొకాయన రాష్ట్రమే పెడుతోందంటాడు. పక్కింటావిడేమో "మీది స్టేట్ కార్డు, రెండు ప్రభుత్వాల గొడవ ముదిరితే ముందు పోయేది మీదే" అని భయపెట్టింది. బండి మీద వచ్చే అతను కిలో 12 రూపాయలకి కొంటానంటున్నాడు. పోయేలోగా అమ్ముకోవడమే మేలా? అత్తగారికి వేలిముద్ర కూడా పడట్లేదు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. ఢిల్లీ, అమరావతి ఎంత వాదించుకున్నా మీ బియ్యం రేపటికి రేపు ఆగిపోవు. అలాగని పక్కింటావిడ మాట పూర్తిగా కొట్టిపారేసేదీ కాదు. ఒకే డిపోలో, ఒకే కాటా మీద, ఒకే బస్తాలోంచి తీసి ఇచ్చే బియ్యం వెనకాల రెండు వేరు వేరు ఖాతాలున్నాయి. మీ కార్డు ఏ ఖాతాలో ఉందో దాన్నిబట్టి మీ చేతిలో ఉన్న చట్టం బలం మారుతుంది. టీ కొట్టు దగ్గర ఇద్దరూ చెరో ముక్క చెబుతున్నారు కాబట్టే ఆ వాదన తెగట్లేదు.

రాష్ట్రంలో బియ్యం కార్డులు దాదాపు 1.45 కోట్లు. అందులో 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం కిందికి వచ్చేవి సుమారు 90 లక్షలు. ఈ కార్డులకిచ్చే బియ్యం ఖరీదంతా కేంద్రమే భరిస్తుంది. ధాన్యం కొని, మర పట్టించి, నిల్వ పెట్టేసరికి కిలో బియ్యం కేంద్రం లెక్కలో సుమారు 40 రూపాయలు పడుతోంది. మిగిలిన 55 లక్షల దాకా కార్డులు రాష్ట్రం సొంత ఖర్చు మీద నడుస్తున్నాయి. గోదాము నుంచి డిపోకి తోలే కిరాయి, డీలరు కమీషను ఇంకో పద్దు. చట్టం కింది కార్డుల వరకు, కేంద్రం కట్టిన లెక్క ప్రకారం, దాన్ని రెండు ప్రభుత్వాలూ చెరిసగం పెట్టుకుంటాయి. ఇక కందిపప్పు పూర్తిగా రాష్ట్రానిది. పంచదారలో అతి నిరుపేదలకుండే అంత్యోదయ కార్డుకిచ్చే కిలో మీద మాత్రం కేంద్రం రాయితీ ఉంది, తక్కిన కార్డుల అరకిలో రాష్ట్రానిదే. మీకు పప్పు రాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. రాష్ట్రం చేతిలో డబ్బు బిగిసినప్పుడు మొదట ఆగేది పప్పు, తర్వాత పంచదార. బియ్యం చివరిదాకా ఆపరు, ఎందుకంటే వాటి వెనక చట్టం ఉంది, ఓటూ ఉంది.

అసలు తగాదా ఆ 55 లక్షల కార్డుల దగ్గరే. చట్టం దేశం మొత్తం మీద పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మందికి బియ్యం ఇమ్మంది. కానీ రాష్ట్రానికి ఎంత అన్నది 2011-12 కుటుంబ ఖర్చుల సర్వేని బట్టి అప్పటి ప్రణాళికా సంఘం తేల్చింది. ఆ సర్వేలో మనవాళ్ళ ఖర్చు కాస్త మెరుగ్గా కనబడింది. దాంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి పల్లెల్లో 60.96, పట్టణాల్లో 41.14 శాతమే వచ్చింది. కర్ణాటకకి 76.04, 49.36. గుజరాత్‌కి 74.64, 48.25. రెండు రూపాయల బియ్యం 1983 నుంచే తింటున్న రాష్ట్రం కాబట్టి ఇక్కడ కార్డులు అప్పటికే చాలా ఎక్కువ. కొత్త కొలతలో పట్టనివాళ్ళని తీసెయ్యడానికి ఏ ప్రభుత్వానికీ మనసొప్పలేదు, ధైర్యమూ చాలలేదు. అధికారంలో ఎవరున్నా కేంద్రాన్ని అడుగుతున్నది ఒకటే: మా వాటా పెంచండి అని. కేంద్రం చెప్పేదీ ఒకటే: కొత్త జనాభా లెక్కలు రావాలి అని. చట్టం 9వ సెక్షన్ ప్రకారం వాటా మారాలంటే జనగణన అంకెలే ఆధారం. 2011 తర్వాత లెక్కలు జరగలేదు. ఇప్పుడు 2027 జనగణన అంకెలు వచ్చేదాకా ఇది తేలే వ్యవహారం కాదు. నా దృష్టిలో ఈ విషయంలో రాష్ట్రం వాదన న్యాయమైనది. పదిహేనేళ్ళ కిందటి సర్వేని పట్టుకుని ఈనాటి ఆకలిని కొలవడం తప్పు.

ఈ గొడవ వంటింటిదాకా వచ్చిన సందర్భం ఒకటుంది. కరోనా కాలంలో కేంద్రం ఇచ్చిన అదనపు ఉచిత బియ్యం చట్టం కింది కార్డులకే లెక్కగట్టి వచ్చింది. ఒకే వీధిలో ఒకరికిచ్చి ఒకరిని వెళ్ళిపొమ్మనలేమనీ, మిగతావాళ్ళకి మేమెక్కడ తెచ్చిపెట్టమనీ రాష్ట్రం 2022 ఏప్రిల్ నుంచి పంపిణీ ఆపేసింది. జులైలో కేంద్ర మంత్రి పీయూష్ గోయల్ దీన్ని బహిరంగంగానే తప్పుపట్టారు. చివరికి ఆగస్టులో మళ్ళీ మొదలుపెట్టారు, అదీ చట్టం కింది కార్డులకే. నాలుగు నెలల బియ్యం జనానికి అందకుండా పోయింది. ఆ సెప్టెంబరులోనే తెలంగాణలో కామారెడ్డి జిల్లా రేషన్ షాపులో ప్రధాని ఫొటో ఏదని ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ కలెక్టర్ని నిలదీశారు. ఫొటో ఎవరిదన్న దానికన్నా ఆ ఏప్రిల్లో ఎవరింట్లో ఏం ఉడికిందన్నదే అడగాల్సిన ప్రశ్న.

కాబట్టి మీరు మొదట చెయ్యాల్సింది మీ కార్డు ఏ ఖాతాదో తేల్చుకోవడం. పక్కింటావిడకి ఎలా తెలిసిందో గానీ, కార్డు చూసి చెప్పడం కష్టం. గ్రామ సచివాలయంలో అడగండి. అక్కడ తేలకపోతే తహసీల్దారు ఆఫీసులోని పౌరసరఫరాల డిప్యూటీ తహసీల్దారుకి తెల్లకాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయండి: "ఫలానా నంబరు గల మా బియ్యం కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదా, కాదా? అయితే అంత్యోదయా, ప్రాధాన్య కుటుంబమా? గత 12 నెలల్లో ఈ కార్డుకి నెలనెలా కేటాయించిన సరుకులేవి, ఎన్ని కిలోలు?" మన రాష్ట్రంలో మండల స్థాయి ఆఫీసుకి ఫీజు 5 రూపాయలు, దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్ళకి అదీ లేదు, కార్డు జిరాక్సు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

చట్టం కింది ప్రాధాన్య కుటుంబం కార్డని తేలితే మీకు మనిషికి నెలకి 5 కిలోలు హక్కు. అంత్యోదయ అయితే తలలతో పనిలేకుండా కార్డుకి 35 కిలోలు. చట్టంలో రాసుకున్న ధర కిలో 3 రూపాయలు. 2023 జనవరి నుంచి దాన్ని తీసేసి ఉచితం చేశారు, 2024 జనవరి నుంచి ఇంకో ఐదేళ్ళు పొడిగించారు. అంటే 2028 చివరిదాకా ఈ ఉచితానికి ఢోకా లేదు. ఆ తర్వాత ధర మారొచ్చు గానీ, పార్లమెంటు చట్టం మారిస్తే తప్ప 5 కిలోలు పోవు. ఏ నెలైనా ప్రభుత్వం సరుకే పంపకపోతే 8వ సెక్షన్ కింద ఆహార భద్రత భత్యం అడగొచ్చు: కనీస మద్దతు ధరకి 1.25 రెట్లు కట్టి, చట్టంలోని రేషన్ ధర తీసేసి, మీకు రావలసిన కిలోలకి లెక్కవేసి రాష్ట్రం డబ్బుగా చెల్లించాలి. మీరు డిపోకి వెళ్ళకపోతే మాత్రం ఇది రాదు. వెళ్ళాననీ, సరుకు లేదన్నారనీ రుజువుండాలి. అదే రోజు 1967కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుంటే అదే రుజువు.

రాష్ట్రం కార్డని తేలితే బియ్యం అవే, తూకం అదే, ఉచితమే. కానీ మీ హక్కు ప్రభుత్వ ఉత్తర్వు మీద నిలబడుతుంది, పార్లమెంటు చట్టం మీద కాదు. 8వ సెక్షన్ వర్తించదు. గతం చూస్తే మన దగ్గర ధర రాజకీయాన్ని బట్టి ఊగింది. 1983లో 2 రూపాయలు, 1996లో 3.50, 2008లో మళ్ళీ 2, 2011లో 1 రూపాయి. కార్డులు మూకుమ్మడిగా రద్దు చేస్తామని మాత్రం ఎవరూ అనలేదు, అనరు కూడా. కోత వచ్చే దారి వేరు. మీరు అసలు జాగ్రత్తపడాల్సింది అక్కడ.

కోత జల్లెడ రూపంలో వస్తుంది. పల్లెల్లో కార్డుకి నెల ఆదాయం 10 వేలు దాటకూడదు, మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించకూడదు, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు, సొంత కారు ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకి మినహాయింపు. చూడ్డానికి సబబుగానే ఉన్నాయి. కానీ కంప్యూటరు ఆధార్ నంబర్లని జతచేసి చూస్తుంది, మనిషిని చూడదు. డెల్టాలో ఎక్కువగా దెబ్బతీసేది ఉమ్మడి భూమి. తాతగారి పేరున నాలుగెకరాల మాగాణి ఉండి, పంచుకున్న నలుగురన్నదమ్ములకీ కాగితాలు మారకపోతే, భూమి ఖాతా కాగితమైన 1బీలో ఎవరి ఆధార్ ఎక్కిందో వాళ్ళ కార్డు ఎగిరిపోతుంది, చేతిలో ఎకరమే ఉన్నా. మీ అత్తగారి పేరున అలాంటిదేమైనా ఉందేమో 1బీ తీయించి చూసుకోండి. రెండోది ఒకే మీటరు మీద రెండు కాపురాలు. మూడోది బ్యాంకు అప్పు కోసం ఎవరో చెబితే దాఖలు చేసిన ఆదాయపు పన్ను రిటర్ను. పన్ను రూపాయి కట్టకపోయినా "పన్ను చెల్లింపుదారు" అని జాబితాలో పడిపోయిన ఇళ్ళున్నాయి. నాలుగోది పూర్వం అమ్మేసిన కారు, రవాణా శాఖ దగ్గర పేరు మారక. ఇలాంటివన్నీ సరిదిద్దుకోవచ్చు, కానీ కార్డు పోయాక తిరగడం కన్నా ముందే కాగితం సరిచేసుకోవడం పదిరెట్లు తేలిక.

ఇంకో జల్లెడ కేంద్రానిది. 2025 జులైలో సవరించిన ఉత్తర్వు ప్రకారం ఆరు నెలలు వరసగా సరుకు తీసుకోని కార్డుని పక్కనపెట్టి, విచారణ చేసి తేలుస్తారు. ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూడటం, ఐదేళ్ళకోసారి చేయించుకోవాలి. పిల్లలకి ఐదేళ్ళు నిండిన ఏడాదిలోపు చేయించాలి. మీ బాబుకి ఆరేళ్ళంటున్నారు, ఇది వెంటనే చూడండి. ముందు ఆధార్ కేంద్రంలో వాడి వేలిముద్రలు, కంటిపాప నమోదు చేయించాలి. అది కాకుండా డిపోలో ఈ-కేవైసీ పడదు. పాపకి జనన ధ్రువపత్రం, ఆధార్ పట్టుకెళ్ళి సచివాలయంలో పేరు చేర్పించండి. పేరు ఎక్కని ప్రతి నెలా 5 కిలోలు పోతున్నాయి, అవి వెనక్కి రావు.

అత్తగారి వేలిముద్ర గురించి బెంగ వద్దు. సరుకు తీసుకోవడానికి కార్డులో ఉన్న ఎవరో ఒకరి వేలు చాలు. ఆవిడ ఈ-కేవైసీకి మాత్రం కంటిపాప మిషను అడగండి. గట్లు తొక్కి, నాట్లు వేసి, పీచు వలిచిన చేతులకి గీతలు అరిగిపోతాయి, ఆవిడ తప్పేం లేదు. వేళ్ళకి కొబ్బరినూనె రాసి, పదినిమిషాలయ్యాక పొడిగుడ్డతో తుడిచి పెడితే కొన్నిసార్లు పడుతుంది. ఆవిడకి 65 దాటి, కార్డులో ఒక్కరే ఉంటే ఇంటికే తెచ్చివ్వాలి. మీలాంటి ఉమ్మడి కార్డుకి అక్కర్లేదు.

ఇక ఆ కిలో తరుగు. ఇది ఎక్కడ పుడుతుందో తెలిస్తే మీరు గట్టిగా అడగగలరు. మండల గోదాము నుంచి డిపోకి 50 కిలోల బస్తాలు వస్తాయి. కొత్త గోనె సంచి బరువే 580 గ్రాములు. సంచితో కలిపి 50 అని తూచి పంపితే వంద బస్తాలకి 58 కిలోల బియ్యం లోటు. దానిమీద హుక్కు పోటుకి కారిపోయేవి, లారీలో రాలేవి. డీలరు ఆ లోటుని కార్డుకింత అని పంచేస్తాడు. అతనికి కిలోకి వచ్చే కమీషను రూపాయి చిల్లర లెక్కే, 500 కార్డుల డిపోలో 7,500 కిలోలు అమ్మితే 8 వేలకి అటూ ఇటూ. అద్దె, తూచే కుర్రాడి కూలి అందులోంచే పోవాలి. కారణం అర్థమైనంత మాత్రాన మీ కిలో వదులుకోవాల్సిన పనిలేదు. గోదాములో సంచి బరువు మినహాయించి తూచి తీసుకోవడం డీలరు బాధ్యత, ఇవ్వడం గోదాము బాధ్యత. మీ పిల్లలు తినే అన్నంలోంచి కోసి ఆ లెక్క సరిపెట్టడం అన్యాయం.

డిపో దగ్గర ఇలా చెయ్యండి. కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చూపించమనండి. వేలిముద్ర పడ్డాక మిషను లోంచి వచ్చే చీటీ అడిగి తీసుకోండి. అందులో 20 అని ఉండి మీకు 19 వస్తే అక్కడే నిలబడండి. చీటీ ఇవ్వకపోతే డిపో మిషను లెక్కలుండే రాష్ట్ర ఈపాస్ వెబ్‌సైట్లో కార్డు నంబరు కొడితే ఆ నెల మీ పేరున ఎంత రాశారో వస్తుంది. పప్పు కూడా ఒకసారి చూసుకోండి, రానిది ఇచ్చినట్టు రాసుంటే అది వేరే పెద్ద తప్పు. డిపోలు 2025 జూన్ నుంచి మళ్ళీ 1వ తేదీ నుంచి 15 దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 తెరవాలి. ఈ డీలరు దారికి రాకపోతే పక్క ఊరి డిపోలోనూ తీసుకోవచ్చు. రాష్ట్రంలో ఎక్కడైనా మీ వేలిముద్ర పనిచేస్తుంది.

అమ్మకం మాట. వద్దమ్మా. 20 కిలోలకి 12 చొప్పున 240 రూపాయలు. కిలో 50 దాటిన సన్నబియ్యం దాంతో 5 కిలోలు కూడా రావు. ప్రభుత్వానికి 800 రూపాయలు పడ్డ సరుకు మీ గుమ్మంలో 240 అయిపోతోంది. ఆ బండి మీద వెళ్ళినవి మిల్లుల్లో మళ్ళీ పాలిష్ పట్టి ఓడ ఎక్కుతాయి. 2024 నవంబరు 29న ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ పోర్టులో ఆపమన్న స్టెల్లా ఓడలో తనిఖీల తర్వాత 1,320 టన్నుల రేషన్ బియ్యం ఉన్నట్టు అధికారులు చెప్పారు. పట్టుబడ్డ సరుకు మీద నిత్యావసర సరుకుల చట్టం 6ఏ సెక్షన్ కింద జప్తు కేసు పెడతారు, మీ కార్డు కూడా చిక్కుల్లో పడొచ్చు. దీనికన్నా పెద్ద నష్టం ఇంకోటి. "జనం తినట్లేదు, అమ్ముకుంటున్నారు" అన్న మాట కోత పెట్టాలనుకునే ప్రతివారికీ ఆయుధం. 2022లో బియ్యానికి బదులు డబ్బిస్తామని రాష్ట్రం ప్రయోగానికి ఎంచుకున్న చోట్లలో మన నరసాపురం, కాకినాడ ఉన్నాయి, తర్వాత ఆపేశారు. డబ్బు రూపంలోకి మారితే ధర పెరిగినా మీకొచ్చేది పెరగదు, ఆ పద్దు ఎప్పుడు బిగించినా ఎవరికీ కనబడదు. బియ్యం బస్తా కళ్ళకి కనబడుతుంది, తగ్గితే ఊరంతా అడుగుతుంది.

అన్నం ముద్దగా అవుతోందని అమ్మాలనిపిస్తే, అవి కొత్తగా మర ఆడిన బియ్యం. రెండు మూడు నెలల సరుకు డబ్బాలో పొడిగా నిలవపెట్టి పాతవి ముందు వండండి, నీళ్ళు గ్లాసుకి గ్లాసున్నరతో మొదలుపెట్టి చూసుకోండి. దిబ్బరొట్టెకి, దోసెలకి ఈ లావు బియ్యమే బాగుంటాయి. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యపు రవ్వ, అంతే.

అర్జీ ఎలా రాయాలంటే, నాలుగు వాక్యాలు చాలు. కార్డు నంబరు, డిపో నంబరు. ఫలానా తేదీన ఈపాస్‌లో 20 కిలోలు నమోదయ్యాయి, ఇచ్చినవి 19. ఫలానా నెల నుంచి కందిపప్పు ఇవ్వలేదు, కేటాయింపు వచ్చిందో లేదో తెలపండి. పాప పేరు చేర్చమని ఫలానా తేదీన దరఖాస్తు ఇచ్చాం, రసీదు జతచేశాం. రాజకీయం ఒక్క ముక్క కూడా రాయొద్దు, డీలర్ని తిట్టొద్దు, అంకెలే రాయండి. ముందు 1967కి చెప్పండి. వారంలో కదలకపోతే సోమవారం తహసీల్దారు ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, కాకపోతే అమలాపురం కలెక్టరేట్లో. ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి బాధ్యత జాయింట్ కలెక్టరుది, అర్జీ ఆయన పేరునే రాయొచ్చు. అక్కడ తీర్పు నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కి అప్పీలు. వీధిలో ఇంకో పదిమందికి అదే కిలో తగ్గుతుంటుంది. వాళ్ళ చీటీలు కూడా కలిపి ఒకే అర్జీగా వెళ్ళండి, డిప్యూటీ తహసీల్దారు డిపో స్టాకు తనిఖీ చెయ్యక తప్పదు. ఇచ్చిన ప్రతిసారీ కంప్యూటరు రసీదు నంబరు తీసుకున్నాకే కౌంటరు దగ్గర్నుంచి కదలండి.